మా ఇంటి పొలిమేర

దయ్యం సినిమా తీయడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఒక పాత ఇల్లు, నలుగురైదుగురు నటులు, రాత్రిపూట షూటింగు, కిర్రుమనే తలుపు... చాలు. స్టార్ల కాల్షీట్ల కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. పాటల కోసం విమానం ఎక్కాల్సిన పనీ లేదు. అందుకే చేతిలో కథ తప్ప మరేమీ లేని కుర్ర దర్శకులు చాలామంది ముందుగా తట్టేది ఈ తలుపునే. కాకపోతే ఆ పాత ఇంట్లో ఒక కుటుంబం ఉండాలి. ఆ కుటుంబం నలుగురికీ తెలియకుండా దాచుకున్న సంగతి ఒకటి ఉండాలి. అది లేదా, తలుపు ఎంత కిర్రుమన్నా ప్రేక్షకుడు తాపీగా పాప్‌కార్న్ నములుతూనే ఉంటాడు.

హిచ్‌కాక్ అంతటివాడికే ఈ కిటుకు పనికొచ్చింది. ‘సైకో’కి డబ్బు పెట్టడానికి స్టూడియో వెనకాడితే, తన టీవీ సీరియల్‌కి పనిచేసే యూనిట్‌నే పెట్టుకుని, నలుపు తెలుపుల్లో, సుమారు 8 లక్షల డాలర్లలో చుట్టేశాడు. 1960లో విడుదలైన ఆ సినిమాలో ఉన్నదల్లా ఒక మోటల్, దాని వెనక గుట్ట మీద ఇల్లు, ఆ ఇంట్లో ఒక అమ్మ. అంతే! మన దగ్గర రామ్‌గోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’ తీసినప్పుడూ అంతే. కొత్త ఇంట్లోకి దిగిన మామూలు కుటుంబం, ఆ ఇంటి కింద ఓ చీకటి గది. మణిశర్మ నేపథ్య సంగీతం ఇచ్చిన తొలి సినిమా అది. సగం భయం ఆ శబ్దాలదే. 2022లో వచ్చిన ‘మసూద’లో ఒంటరి తల్లి, టీనేజి కూతురు, పొరుగింటి కుర్రాడు తప్ప చెప్పుకోదగ్గ తారాగణం లేదు. దర్శకుడు సాయికిరణ్‌కి అది మొదటి సినిమా. అయినా థియేటర్లో పక్కవాళ్ల చెయ్యి పట్టుకోనివాళ్లు తక్కువ.

నేను చెప్పదలచుకున్నది మాత్రం ఇంకో సినిమా గురించి. ‘మా ఊరి పొలిమేర’.

2021 డిసెంబరులో అది థియేటర్ల మొహం చూడకుండానే డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో విడుదలైంది. అనిల్ విశ్వనాథ్ దర్శకుడు. కామెడీ వేషాలతో మనకు తెలిసిన సత్యం రాజేష్ ఇందులో కొమురయ్య అనే ఆటోడ్రైవర్. అతడి తమ్ముడు జంగయ్య పోలీసు. ఆ పాత్ర బాలాదిత్యది. కొమురయ్య భార్య లక్ష్మిగా కామాక్షి భాస్కర్ల. పోస్టర్లలో పెద్ద పేరు ఒక్కటీ లేదు. ఒకరి నుంచి ఒకరికి నోటిమాటగా పాకి, ‘చూశారా’ అంటే ‘చూశారా’ అనుకుంటూ జనం చూశారు. 2023 నవంబరులో రెండో భాగం ఏకంగా థియేటర్లకే వచ్చి బాగా ఆడింది.

కథ టూకీగా చెబుతాను. చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. జాస్తిపల్లి అనే ఊళ్లో వరసగా చావులు. చేతబడి అని ఊరంతా గుసగుస. ఆ అనుమానం కొమురయ్య మీదికి తిరుగుతుంది. ఊరు అతడిని మంటల్లో తోసేస్తుంది. మా అన్న అలాంటివాడు కాదంటూ తమ్ముడు నిజం వెతుక్కుంటూ బయల్దేరతాడు. వెతగ్గా వెతగ్గా చివరికి తేలేదేమిటి? ఊరి అనుమానం నిజమేనని! ఒకే కంచంలో తిన్న అన్న గురించి తమ్ముడికి ఏమీ తెలియదని. ఆ ముడి విప్పిన తీరు మెచ్చుకోవాల్సిందే. కుర్చీ అంచుకు జరిగి కూచోబెడుతుంది.

2022 సంక్రాంతికి కొత్తవలస వెళ్లినప్పుడు మా ఇంట్లో అందరం కలిసి ఈ సినిమా చూశాం. భోగి రాత్రి. అరిసెల డబ్బా మధ్యలో పెట్టుకుని. జనం కాగడాలు పట్టుకుని వచ్చే దగ్గర అమ్మ ఉన్నట్టుండి అంది: ‘‘ఏటే... మన పెద్దత్త సంగతి ఈ సినిమా తీసినోడికి ఎవులు సెప్పుంటారు?’’

నాన్న ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని సౌండు పెంచారు.

అమ్మ ‘పెద్దత్త’ అన్నది మా తాతయ్య అన్నగారి భార్యని. నాకు పెద్ద నాన్నమ్మ. నేను ఆవిడని చూసిన గుర్తు లేదు. నాకు తెలిసిందల్లా ఆవిడ ఉన్న గది. మా పాత పెంకుటింట్లో దక్షిణం వైపు గది ఒకటి ఉండేది. ఊక బస్తాలు, విరిగిన నాగలి, ఏనాటివో పెంకులు... ఇలాంటివన్నీ అందులోనే. దీపాలు పెట్టే వేళ పిల్లలెవరూ అటు వెళ్లకూడదు. వెళ్తే చిల్లంగి తగులుతుందనేది నాన్నమ్మ. దాగుడుమూతల్లో కూడా ఆ గదికి మినహాయింపే. ప్రతి ఇంటికీ ఇలాంటి గది ఒకటి ఉంటుందనుకునేదాన్ని చిన్నప్పుడు.

‘చిల్లంగి’ అంటే మిగతా జిల్లాల పాఠకులకు అర్థం కాకపోవచ్చు. తెలంగాణలో బాణామతి అంటారే, చాలాచోట్ల చేతబడి అంటారే... శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో దాని పేరు చిల్లంగి. ఫలానా మనిషికి చిల్లంగి వచ్చు అని ఒక్కరు అంటే చాలు. ఆ మనిషి చేతి నీళ్లు ఎవరూ తాగరు. ఎదురొస్తే పసిపిల్లల్ని కొంగు చాటున దాచేస్తారు. ఆ తర్వాత ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి ఆవు ఈనలేక చచ్చినా చూపులన్నీ ఒక్క గుమ్మం వైపే.

సినిమా అయ్యాక నాన్న పడుకున్నారు. అమ్మా నేనూ వంటింట్లో కూచున్నాం. ఆ రాత్రి అమ్మ చెప్పింది, ఆ తర్వాత రెండు మూడుసార్లు నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది కలిపితే ఇదీ సంగతి.

పెద్ద నాన్నమ్మకు పిల్లల్లేరు. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఉమ్మడి ఇంట్లో దక్షిణం గదిలో ఉంటూ, భర్త వాటాకి వచ్చిన 70 సెంట్ల జీడితోట తనే చూసుకునేది. తోట ఎస్.కోట వెళ్లే రోడ్డు పక్కనే. జీడిపిక్కలు అమ్మి వచ్చిన డబ్బు తన రొంటినే దోపుకునేది. ఎవరినీ చెయ్యి చాచి అడిగేది కాదు. ‘‘అదే కిట్టలేదేమో ఆళ్లకి’’ అంది అమ్మ.

1973 వానల్లో మా నాన్న తమ్ముడు, మూడేళ్లవాడు, జ్వరంతో పోయాడు. ముందురోజు మధ్యాహ్నం పెద్ద నాన్నమ్మ వాడికి పనస తొనలు పెట్టిందట. రాత్రికి ఒళ్లు కాలిపోయింది. తెల్లారేసరికి ఫిట్స్. ఎడ్లబండి కట్టి విశాఖ పెద్దాసుపత్రికి బయల్దేరేలోపే అయిపోయింది. పదకొండో రోజు దాటాక ఎవరో భూతవైద్యుడిని తీసుకొచ్చారు. ఆయన ముగ్గులు వేసి, నిమ్మకాయలు కోసి ఒక్క మాట అన్నాడట. ‘‘బయటిది కాదు. ఇంటిదే. దక్షిణం నుంచి వచ్చింది.’’

దక్షిణం గదిలో ఉన్నది ఎవరో వేరే చెప్పాలా?

నాన్నమ్మని నేను తప్పు పట్టలేను. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆవిడ మొహమే కనిపిస్తోంది. బిడ్డ పోయిన తల్లికి ‘ఎందుకు’ అన్న ప్రశ్నకి జవాబు కావాలి. జ్వరం అనేది జవాబు కాదు. జ్వరాన్ని తిట్టలేం, జ్వరాన్ని గుమ్మం దాటించలేం. ఎదురుగా ఒక మనిషి ఉంటే తిట్టొచ్చు. నాన్నమ్మ చివరిదాకా నిజంగానే నమ్మింది. ఆవిడ దుఃఖం నిజం. భయమూ నిజమే.

తాతయ్య నమ్మారా? అది నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ట్రంకు పెట్టె అడుగున ఉన్న ఒక స్టాంపు కాగితం. దాని మీద 1974 అని ఉంది. భర్త వాటాగా తనకు సంక్రమించిన 70 సెంట్ల మీద సర్వ హక్కులూ మరిదికి వదులుకుంటున్నట్టు, అందుకు 400 రూపాయలు ముట్టినట్టు రాసి ఉంది. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. వాటి పక్కన ఊదారంగు వేలిముద్ర. 1956లోనే హిందూ వారసత్వ చట్టం వచ్చింది. భర్త ఆస్తి మీద ఆవిడ హక్కుని ఎవరూ కాదనలేరు. కాదనలేరు కాబట్టే వేలిముద్ర అవసరమైందన్నమాట. ఆ కాగితం అయిన వారానికి ఆవిడ లక్కవరపుకోట వైపున్న పుట్టింటికి వెళ్లిపోయింది. ఎవరూ కొట్టలేదు. ఎవరూ మంటల్లో తొయ్యలేదు. గుడ్డలమూట నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లిందట, అంతే.

2007లో మా వైపు రియల్ ఎస్టేట్ ఊపు వచ్చింది. విశాఖ పెందుర్తి దాటి మా మీదికి పాకుతున్న రోజులు. జీడిచెట్లు కొట్టేశారు. తెల్లరాళ్లు పాతారు. ఆ డబ్బుతో పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టాం. దక్షిణం గది ఉన్నచోట ఇప్పుడు టీవీ ఉన్న హాలు. మేం కూచుని పొలిమేర చూసింది అక్కడే. నా జర్నలిజం డిప్లొమా ఫీజు కట్టింది కూడా ఆ తోట డబ్బుతోనే.

ఇక నా వృత్తి సంగతి. డెస్కులో పనిచేసినన్నాళ్లూ ఏడాదికి రెండు మూడుసార్లైనా నా చేతిమీదుగా ఒక వార్త వెళ్లేది. విశాఖ మన్యం నుంచో, పార్వతీపురం వైపు నుంచో. జిల్లా పేజీలో సింగిల్ కాలమ్. ‘చిల్లంగి నెపంతో హత్య’. చనిపోయినవాళ్లు సాధారణంగా ముసలివాళ్లు, ఒంటరివాళ్లు. కొన్నిసార్లు మొగుడూ పెళ్లాం ఇద్దరూ. చంపినవాళ్లు దాదాపు ప్రతిసారీ బంధువులే, ఇరుగుపొరుగే. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో హత్యల కారణాల పట్టిక ఉంటుంది. ఆస్తి తగాదాలు, వివాహేతర సంబంధాలు వగైరాలతో పాటు మంత్రవిద్యకి కూడా అందులో ఓ గడి. 2021లో దేశం మొత్తం మీద ఆ గడిలో ఉన్న అంకె 68. పోలీసు దాకా రానివి, హత్య దాకా పోనివి ఆ పట్టికకు ఎక్కవు. గుడ్డలమూటతో నడిచి వెళ్లిపోయినవాళ్లకి ఏ గడీ లేదు.

‘నెపంతో’ అన్న మాట చూశారా? పాత తరం సబ్ఎడిటర్లు మాకు నేర్పిన మాట అది. ‘చిల్లంగి చేసినందుకు’ అని రాయకూడదు, ‘చిల్లంగి నెపంతో’ అనే రాయాలి. ఆ ఒక్క మాటతో పత్రిక చచ్చిపోయిన మనిషి పక్కన నిలబడుతుంది. మన దయ్యం సినిమాల్లో లేనిది సరిగ్గా ఆ మాటే. పొలిమేరలో ఊరి అనుమానం నిజమవుతుంది. ‘మసూద’లో దయ్యమైన స్త్రీ బతికుండగా చేసినవీ క్షుద్రపూజలే. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ పెద్ద బ్యానరు సినిమా. అదీ చేతబడి అనుమానంతో ఊరు ఒక జంటని తగలబెట్టడంతోనే మొదలవుతుంది. ఆపై ఊరికి పట్టిన గతంతా ఆ మంటల్లోంచి వచ్చిందే. చూసేటప్పుడు నాకూ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అబద్ధం చెప్పను. కానీ సినిమా అయ్యాక, ఏమీ చేయని మనిషి కథ ఎవరూ తీయలేదేం అనిపిస్తుంది. అనుమానం వట్టి అనుమానమేనని చివరి రీలులో తేలితే అంతకంటే భయం ఇంకేం కావాలి? అప్పుడు దయ్యం కాగడా పట్టుకున్నవాడిలో ఉంటుంది కదా!

భయపెట్టే కథలు మానేయమని కాదు నా గొడవ. 1980ల మొదట్లో యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు మా ఇంట్లో పత్రిక కోసం పోట్లాటలట. రాత్రి చదివి, తెల్లారేదాకా దీపం ఆర్పనివాళ్లు ఎంతమందో! అది వేరే సరదా. ఆ భయం పుస్తకం మూస్తే పోతుంది.

అసలు మా విజయనగరం వాళ్లకి ఈ విషయంలో ఒక పెద్దాయన ఎప్పుడో దారి చూపించాడు. గురజాడ. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ని మనం గిరీశం కోసం, మధురవాణి కోసం చదువుకుంటాం. లుబ్ధావధాన్లు ఇంటిని ఒకసారి దయ్యం కథలా చూడండి. ముసలి పీనాసి తండ్రి. విధవరాలైన కూతురు మీనాక్షి. ఆమె చుట్టూ ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని సంగతులు. ఇంట్లో దయ్యం భయం పట్టుకోగానే పూజారి గవరయ్య బుడ్డి పట్టుకుని దిగిపోతాడు, దయ్యాల్ని అందులో బిగిస్తానంటూ. మనం పడీ పడీ నవ్వుతాం. ఆ నవ్వులోనే ఆ ఇంట్లో అసలు భయపడాల్సినవి ఏమిటో ఒక్కొక్కటీ బయటికి వచ్చేస్తాయి. సీసాలో బిగించాల్సింది ఎవరినో గురజాడ చెప్పడు. మనకే తెలిసిపోతుంది.

మా కొత్తవలసకి ఇంకో ప్రత్యేకత ఉంది. ఊరు జంక్షను కదా! హౌరా లైను నుంచి కిరండూలు లైను విడిపోయేది మా స్టేషన్లోనే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. సొరంగాలు దాటుకుంటూ అరకు మీదుగా ఒడిశాలోకి, అక్కణ్నుంచి ఛత్తీస్‌గఢ్‌లోకి వెళ్తుంది. అద్దాల బోగీల్లో అరకు వెళ్లే టూరిస్టులు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేస్తారు. ఆ లైను చివరనున్న ఛత్తీస్‌గఢ్ 2005లోనే ‘టోనహీ’ పేరుతో ఆడవాళ్లని వేధించడాన్ని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తెచ్చింది. ఒడిశా 2013లో తెచ్చింది. చట్టం రాగానే అంతా ఆగిపోయిందని కాదు. కానీ ఒక మనిషికి ఆ పేరు పెట్టడమే నేరం అని కాగితం మీదైనా ఉంది. 1974లో మా ఇంట్లో ఉన్న కాగితం వేరు.

పొలిమేర రెండో భాగం వచ్చిన వారం మా ఊళ్లో ఎవరూ సినిమా ధ్యాసలో లేరు. 2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరుని వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. అది మా మండలమే. సినిమా ఆ తర్వాతి శుక్రవారం విడుదలైంది. నేను, అమ్మ చూసింది మరో రెండు నెలలకు, ఫోనులో. నాన్న రానన్నారు. గేదెకి కుడితి పెట్టాలన్నారు. మాకు గేదె లేక ఆరేళ్లయింది.

ఆ రోజే అమ్మ, అంతకుముందు ఎప్పుడూ చెప్పని ఇంకో సంగతి చెప్పింది.

నాకు ఏడాది కూడా నిండనప్పుడట. అమ్మ నన్ను ఎత్తుకుని లక్కవరపుకోటలో బస్సు కోసం నిలబడి ఉంది. తెల్లచీరలో ఒక ముసలావిడ కొంచెం దూరంలో ఆగి, ఫలానా వారి కోడలివి నువ్వే కదా అని అడిగింది. అవునంది అమ్మ. ఎవరో అర్థమైపోయింది. నన్ను కొంగు చాటుకి తీసుకోవాలో వద్దో తోచలేదట. ఇంతలో ఆ ముసలావిడే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుందట. వెనక్కి పెట్టుకుని, నాలుగు అడుగుల దూరం నుంచే మెడ ముందుకు చాపి నన్ను చూసింది.

‘‘కాళ్లు నాయన కాళ్లే’’ అందట.

బస్సు వచ్చేసింది. ఆ తర్వాత నాలుగేళ్లకు ఆవిడ పోయిందని కబురొస్తే ఇంట్లో అందరూ తలస్నానం చేశారు. ఆ కబురు మోసుకొచ్చిన మనిషికి మంచినీళ్లు ఇచ్చారో లేదో అమ్మకి గుర్తులేదు.

ఇది పత్రికలో రాస్తానని నాన్నకి ముందే చెప్పాను. వద్దనలేదు. రాయమనీ అనలేదు. ‘‘పేర్లు వద్దు’’ అన్నారు. కాసేపాగి, ‘‘ఆవిడ అట్లు బాగా పోసేది. దిబ్బరొట్టె కూడా’’ అన్నారు. ఆవిడ వెళ్లిపోయినప్పుడు ఆయనకి పదేళ్లు. నాన్న నోట పెద్ద నాన్నమ్మ గురించి నేను విన్న మాటలు ఇప్పటిదాకా ఆ రెండే.

పొలిమేర మూడో భాగం తీస్తున్నట్టు ప్రకటించారు. ఆ సంగతి చెప్తే అమ్మ కొమురయ్య ఏమవుతాడని అడగలేదు, లక్ష్మి ఏమవుతుందనీ అడగలేదు.

‘‘ఆ తమ్ముడు ఏటి సేత్తాడే ఈసారి?’’ అంది.